నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు మాట, తెలివి: ఎన్‌ఐసీయూ నుంచి రెండేళ్ళ దాకా ఏం చేయాలి

నెలలు నిండకముందే పుట్టిన బిడ్డ ఇంటికి వచ్చాక అందరి చూపూ బరువు మీదే ఉంటుంది. ఎన్ని గ్రాములు పెరిగింది, ఎన్ని మిల్లీలీటర్లు తాగింది, నిన్న ఎన్నిసార్లు కక్కింది. అది సహజం, అవసరం కూడా. మాట సంగతి మాత్రం రెండో పుట్టినరోజు దగ్గరపడేదాకా ఎవరికీ గుర్తురాదు. అప్పుడు ఒక్కసారిగా టెన్షన్ మొదలవుతుంది: "ఇంకా మాటలు రాలేదేంటి?"

మాట అనేది నోరు తెరిచిన రోజున మొదలయ్యేది కాదు. చూడటం, వినటం, గుర్తుపట్టడం, ఎదుటివాళ్ళు ఆగినప్పుడు తాను అందుకోవడం, ఇవన్నీ కుదిరాక చివర్న వచ్చేది మాట. ఈ పనులన్నీ ఎన్‌ఐసీయూలో, అంటే అప్పుడే పుట్టిన పిల్లల ఇంటెన్సివ్ కేర్‌లో, ఇంక్యుబేటర్‌లో ఉన్నప్పుడే మొదలవుతాయి. అందుకే ఈ మార్గదర్శి అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను. ఇందులో చాలా విషయాలున్నా, నేను పదే పదే తిరిగొచ్చేది ఒక్కచోటికే: బిడ్డతో ఎంత మాట్లాడామన్నదానికంటే, మాట్లాడి ఆగామా, బిడ్డకు తన వంతు ఇచ్చామా అన్నదే ముఖ్యం.

ముందుగా కొన్ని లెక్కలు. 37 వారాలు నిండకముందు పుట్టిన బిడ్డను నెలలు నిండని బిడ్డ అంటాం. 32 నుంచి 37 వారాల మధ్య పుట్టినవాళ్ళు ఒక రకం, 28 నుంచి 32 మధ్య ఇంకో రకం, 28 కంటే ముందు పుట్టినవాళ్ళు మరీ సున్నితం. ప్రపంచంలో ప్రతి పదిమంది పిల్లల్లో దాదాపు ఒకరు ఇలా పుడుతున్నారు. 2020లో ఆ సంఖ్య దాదాపు 1.34 కోట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వీరిలో ఎక్కువమంది మొదటి గుంపులోవాళ్ళే, చాలామంది చక్కగా ఎదుగుతారు. పుట్టిన వారాలు తగ్గేకొద్దీ మాటలో, ఏకాగ్రతలో ఇబ్బందులు వచ్చే అవకాశం పెరుగుతుంది. అవకాశం పెరగడం వేరు, ఇబ్బంది రావడం వేరు. ఈ తేడా గుర్తుంటే సగం భయం తగ్గుతుంది.

1. ముందు వయసు సరిగ్గా లెక్కపెట్టండి

ఒక కాగితం తీసుకోండి. నిండు గర్భం 40 వారాలు. ఆ 40 లోంచి బిడ్డ పుట్టిన వారాలు తీసేయండి. 32 వారాలకు పుడితే 8 వారాలు ముందు వచ్చినట్టు. ఈ రోజుకు బిడ్డకు 8 నెలలైతే, అందులోంచి ఆ 8 వారాలు తీసేస్తే దాదాపు 6 నెలలు. దీన్నే సవరించిన వయసు అంటారు. కూర్చోవడం, నవ్వడం, అత్త తాత అనడం, అన్నిటినీ ఈ వయసుతోనే పోల్చాలి. పక్కింటి 8 నెలల పాపతో కాదు.

ఈ లెక్క మామూలుగా రెండేళ్ళ దాకా వాడతారు. 28 వారాలలోపు పుట్టినవాళ్ళకు కొందరు డాక్టర్లు మూడేళ్ళ దాకా కూడా చూస్తారు. టీకాలు మాత్రం పుట్టిన తేదీ ప్రకారమే వేయించాలి. చాలా ఇళ్ళలో ఇది తారుమారవుతుంది. ఎదుగుదలను అసలు వయసుతో చూసి కంగారుపడతారు, టీకాలను సవరించిన వయసుతో ఆలస్యం చేస్తారు.

ఇంకో మాట. సవరించిన వయసు ఒక కొలత మాత్రమే, సర్దిచెప్పుకోవడానికి వాడకూడదు. "ముందు పుట్టింది కదా, ఆలస్యమవుతుందిలే" అన్న మాట ఇంట్లో వినిపిస్తే, సవరించిన వయసుకు కూడా ఆ పని రావాల్సి ఉందా లేదా చూడండి. ఉంటే, ఆగకుండా డాక్టర్‌ని అడగండి.

2. ఆ చివరి వారాల్లో ఏం జరగాల్సిందో తెలుసుకోండి

కడుపులో చివరి మూడు నెలల్లో మెదడు చాలా వేగంగా పెరుగుతుంది. నున్నగా ఉన్న పైపొర ముడతలు పడుతుంది, ఒక భాగం నుంచి ఇంకో భాగానికి తీగలు అల్లుకుంటాయి. 35వ వారంలో మెదడు బరువు నిండు నెలల బిడ్డ మెదడు బరువులో దాదాపు మూడింట రెండు వంతులే ఉంటుంది. అంటే ఐదు వారాల ముందు పుట్టిన బిడ్డ కూడా, చూడటానికి బొద్దుగా ఉన్నా, కట్టడం పూర్తికాని మెదడుతోనే వచ్చింది.

వినికిడి దాదాపు 25 వారాలకు పనిచేయడం మొదలుపెడుతుంది. కడుపులో బిడ్డకు వినిపించేది అమ్మ గుండె చప్పుడు, పేగుల చప్పుడు, వాటి మధ్య అమ్మ గొంతు. కీచు శబ్దాలు లోపలికి చేరేసరికి తగ్గిపోతాయి. మాటల్లోని ఎత్తుపల్లాలు, లయ మాత్రం బాగానే చేరతాయి. పుట్టిన కొద్ది రోజులకే పిల్లలు అమ్మ గొంతును గుర్తుపట్టి దానివైపే మొగ్గుతారని 1980లోనే తేలింది.

ఇప్పుడు ఎన్‌ఐసీయూ చూడండి. మానిటర్ల అలారాలు, తలుపుల చప్పుళ్ళు, పంపుల బీప్‌లు. అక్కడ శబ్దం 45 డెసిబెల్స్ లోపు ఉండాలని పిల్లల వైద్యులు చెబుతారు. అది దాటడం మామూలే. విచిత్రమేమిటంటే, ఇంత చప్పుడులోనూ బిడ్డను ఉద్దేశించి పలికే మాట చాలా తక్కువ. ఎక్కువ శబ్దం, తక్కువ మాట. మన పని ఈ రెంటినీ తిరగేయడమే.

3. ఎన్‌ఐసీయూలో: మాట్లాడే ముందు చదవండి

ఇక్కడ చదవాల్సింది పుస్తకం కాదు, బిడ్డ ఒంటిని. నెలలు నిండని బిడ్డ నోటితో చెప్పలేనిది ఒంటితో చెబుతుంది. చాలు అన్నప్పుడు వేళ్ళు నక్షత్రంలా విప్పుతుంది, చేతిని ముఖానికి అడ్డం పెడుతుంది, ఆవులిస్తుంది, తుమ్ముతుంది, ఎక్కిళ్ళు వస్తాయి, వెనక్కి విల్లులా వంగుతుంది, చూపు పక్కకు తిప్పేస్తుంది. కొన్నిసార్లు ఒంటి రంగు మారుతుంది, మానిటర్‌లో ఆక్సిజన్ అంకె పడిపోతుంది. హాయిగా ఉన్నప్పుడు చేతులు నోటి దగ్గరికి తెచ్చుకుంటుంది, ఊపిరి సాఫీగా సాగుతుంది, ముఖం వదులవుతుంది, కళ్ళు తెరిచి ప్రశాంతంగా చూస్తుంది. ఈ సైగలను బట్టి బిడ్డ సంరక్షణ సాగాలన్న ఆలోచనను హైడెలిస్ ఆల్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో బలంగా ముందుకు తెచ్చారు. ఇప్పుడు చాలా ఎన్‌ఐసీయూలు ఆ పద్ధతిని ఏదో ఒక మేరకు పాటిస్తున్నాయి.

చేతులు శుభ్రం చేసుకుని ఇలా మొదలుపెట్టండి. ముందు తాకండి. ఒక అరచేయి తల మీద, ఇంకోటి ముడుచుకున్న కాళ్ళ మీద పెట్టి కదపకుండా ఉంచండి. నిమరకండి, తట్టకండి. మరీ చిన్న బిడ్డకు నిమరడం కూడా భారమే. బిడ్డ సర్దుకున్నాక, మీ ముఖాన్ని ఒక జానెడు దూరంలో పెట్టి, గొంతు తగ్గించి, పేరుతో పిలవండి. ఒక వాక్యం చెప్పండి. "అమ్మ వచ్చిందమ్మా." ఆగండి. మనసులో పది దాకా లెక్కపెట్టండి. ఈ పది అంకెలు చాలా పొడుగ్గా అనిపిస్తాయి, ఏదో ఒకటి మాట్లాడేయాలనిపిస్తుంది. మాట్లాడకండి. కనుబొమ్మ కాస్త లేవొచ్చు, చిన్న మూలుగు రావొచ్చు, పెదవి కదలొచ్చు. అదే తన వంతు. "అవునా, విన్నావా" అని బదులివ్వండి. మళ్ళీ ఆగండి. వేళ్ళు విప్పిందా, చూపు తిప్పిందా? అంతటితో ఆపేసి చేతిని మాత్రం అక్కడే ఉంచండి. మొత్తం మూడు నిమిషాలు కూడా పట్టకపోవచ్చు. అది చాలా ఎక్కువే.

గర్భం మొదలైనప్పటి నుంచి లెక్కపెడితే 28, 29 వారాలున్న బిడ్డకు ఒకేసారి ఒకటే ఇవ్వండి: స్పర్శ అయితే స్పర్శ, గొంతు అయితే గొంతు. 34 వారాలు దాటేసరికి చూపు, గొంతు కలిపి భరించగలుగుతుంది. పెద్దగా ఊపడం, బొమ్మ ఆడించడం, పాట పెట్టడం అన్నీ ఒకేసారి చేయడం మాత్రం ఇంకా తొందర.

మాట్లాడటానికి ఏమీ తోచకపోతే చేతిలో ఏదైనా పుస్తకం పట్టుకుని చదవండి. కథ బిడ్డకు అర్థం కాదు, ఆ అవసరమూ లేదు. గొంతులోని లయ చాలు. నాన్నలకు ఇది బాగా పనికొస్తుంది. అక్కడ నిలబడి ఏం మాట్లాడాలో తెలియక మొహమాటపడే నాన్న, పుస్తకం చేతికిస్తే అరగంట కూర్చుంటాడు.

దీనివల్ల ఉపయోగం ఉందా? 2014లో అమెరికాలోని రోడ్ ఐలండ్ పరిశోధకులు నెలలు నిండని 36 మంది పిల్లల దగ్గర 32వ, 36వ వారాల్లో రోజంతా వినిపించిన మాటలను రికార్డు చేశారు. పెద్దవాళ్ళ మాటలు ఎక్కువ విన్న పిల్లలకు 7, 18 నెలల సవరించిన వయసులో భాష, తెలివి పరీక్షల్లో మెరుగైన మార్కులు వచ్చాయి. చిన్న అధ్యయనం, మాట వల్లే మార్కులు పెరిగాయని అది నిరూపించలేదు. కానీ ఖర్చు లేని, హాని లేని పనికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం కోసం కూర్చోనక్కర్లేదని నా అభిప్రాయం.

కంగారూ కేర్ గురించి వేరే చెప్పాలి. ఇంక్యుబేటర్లు చాలక 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో మొదలైన పద్ధతి ఇది. డైపర్ తప్ప వేరే బట్టల్లేని బిడ్డను అమ్మ లేదా నాన్న రొమ్ము మీద ఒంటికి ఒళ్ళు తగిలేలా నిటారుగా పడుకోబెట్టి గుడ్డతో కట్టుకుంటారు. నెలలు నిండని, బరువు తక్కువున్న పిల్లలందరికీ రోజుకు 8 నుంచి 24 గంటలు ఇది ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. దీనివల్ల ప్రాణాలు నిలుస్తాయి, నిద్ర బాగుంటుంది, తల్లిపాలు పెరుగుతాయి. మాటకూ ఇదే మంచి చోటు. బిడ్డ చెవి మీ రొమ్ముకు ఆనుకుని ఉన్నప్పుడు మీరు మెల్లగా మాట్లాడితే, గొంతు చెవికే కాదు, ఒంటి అదురుగా కూడా చేరుతుంది. కడుపులో ఉన్నప్పుడు విన్న తీరుకు ఇదే దగ్గర. బిడ్డ వెంటిలేటర్ మీద ఉన్నా, స్థిరంగా ఉంటే కొన్ని చోట్ల అనుమతిస్తారు. నర్సుని అడగండి. వద్దంటే ఎందుకు వద్దో, ఎప్పుడు కుదురుతుందో కూడా అడగండి.

4. డిశ్చార్జి అయ్యే ముందు

ఇది త్వరగా ముగించే విభాగం, కానీ దాటవేయొద్దు.

వినికిడి పరీక్ష అయిందా అని అడగండి. ఎన్‌ఐసీయూలో ఐదు రోజులకు మించి ఉన్న బిడ్డకు, చెవి లోపలి చప్పుడును మాత్రమే కొలిచే పరీక్ష సరిపోదు. చెవి నుంచి మెదడు దాకా సంకేతం వెళుతోందో లేదో చూసే ఏబీఆర్ పరీక్ష కావాలి. ఒకసారి పాస్ అయినా, కామెర్లు మరీ ఎక్కువై రక్తం మార్చాల్సి వచ్చినా, చెవికి హాని చేసే యాంటీబయాటిక్‌లు ఎక్కువ రోజులు ఇచ్చినా, తొమ్మిది నెలలలోపు మళ్ళీ పూర్తి పరీక్ష చేయించడం మంచిది. వినికిడి లోపం ఉంటే మూడు నెలలకల్లా తేలాలి, ఆరు నెలలకల్లా చికిత్స మొదలవ్వాలి. మాటకు సంబంధించినంత వరకు దీన్ని మించిన అత్యవసరం ఇంకోటి లేదు.

కంటి రెటీనా పరీక్ష తేదీలు రాసుకోండి, ఒక్కటీ తప్పకండి. తల స్కాన్‌లో ఏం కనిపించిందో మామూలు భాషలో చెప్పించుకోండి. ఐరన్ చుక్కలు ఎప్పటి నుంచి, ఎంత, ఎన్ని నెలలు వేయాలో కనుక్కుని, బిడ్డ బాగుందని మధ్యలో మానేయకండి. నెలలు నిండకముందే పుట్టినవాళ్ళకు అమ్మ నుంచి ఐరన్ నిల్వ చేరే సమయం చిక్కదు, ఐరన్ లోపం మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. చివరగా, ఎదుగుదల ఫాలోఅప్ ఎక్కడ, ఎప్పుడు అన్నది చేతిలో కాగితం మీద ఉండాలి.

5. ఇంట్లో మొదటి నాలుగు నెలలు (సవరించిన వయసు)

ఈ దశలో బొమ్మలు అక్కర్లేదు. మీ ముఖమే బొమ్మ. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య బోసినవ్వు వస్తుంది. రెండు, మూడు నెలలకు ఉంగా ఉంగా మొదలవుతుంది. నెలలు నిండని పిల్లల్లో కొందరు ముఖాన్ని ఎక్కువసేపు చూడలేరు, చూపు తిప్పుకుంటారు. "పాపకు నేనంటే ఇష్టం లేదేమో" అని బాధపడే అమ్మలను చూశాను. అది ఇష్టం సంగతి కాదు. తన మెదడు ఆ కాస్త సమాచారాన్ని సర్దుకోవడానికి విరామం తీసుకుంటోంది. తిప్పుకున్న ముఖం వెంట మీరు ముఖం తిప్పకండి. ఉన్నచోటే ఉండండి. తిరిగి చూసినప్పుడు నవ్వండి.

మాట్లాడే పద్ధతి ఇదే, మొదటి ఏడాదంతా ఇదే: ఒక చిన్న వాక్యం, ఆ తర్వాత నిశ్శబ్దం, బిడ్డ చేసిన దానికి బదులు. బిడ్డ ఉంగా అంటే మీరూ ఉంగా అనండి, దానికి ఒక మాట జోడించండి. పెద్దవాళ్ళ సంభాషణలో ఒకరు ఆగి ఇంకొకరు అందుకోవడానికి సెకను కూడా పట్టదు. అదే అలవాటుతో మనం బిడ్డ వంతును కూడా లాగేసుకుంటాం. ఈ పిల్లలకు స్పందన కూడదీసుకోవడానికి అయిదారు సెకన్లు పట్టవచ్చు. మీ ఇద్దరి మాటలను ఒకసారి ఫోన్‌లో వీడియో తీసి చూడండి. బిడ్డ నోరు తెరవబోతున్న క్షణంలోనే మీరు తర్వాతి ప్రశ్న అడిగేస్తున్నారని కనిపిస్తే ఆశ్చర్యపోకండి. దాదాపు అందరం అంతే.

రోజులో వీలైన సమయాలు ఏవంటే డైపర్ మార్చేటప్పుడు, స్నానం అయ్యాక, పాలు తాగి మెలకువగా ఉన్నప్పుడు. పాలు తాగుతుండగా మాత్రం మాట్లాడకండి. పీల్చడం, మింగడం, ఊపిరి తీయడం ఈ మూడూ కలిపి చేయడమే తనకు పెద్ద పని.

మెలకువగా ఉన్నప్పుడు, మీరు పక్కనే ఉండి, కొద్ది నిమిషాలు బోర్లా పడుకోబెట్టండి. నిద్ర మాత్రం ఎప్పుడూ వెల్లకిలానే. మెడ నిలబడితేనే చూపు నిలుస్తుంది, చూపు నిలిస్తేనే మీరు చూసేదాన్ని తానూ చూస్తుంది. ఒళ్ళు, తెలివి వేర్వేరు గదుల్లో ఎదగవు.

6. నాలుగు నుంచి తొమ్మిది నెలలు: శబ్దాలు, వస్తువులు, దోబూచి

ఇప్పుడు చేతులు పనిలోకి వస్తాయి. గిలక్కాయ ఊపితే చప్పుడు వస్తుందని, చెయ్యి వదిలితే కింద పడుతుందని తెలుస్తుంది. నేను ఇది చేస్తే అది జరుగుతుంది అన్నది తెలివికి తొలి అడుగు. గిలక్కాయను చేతిలో పెట్టకుండా, చేతికి అందీ అందనట్టు పట్టుకుని ఆగండి. తానే చేయి చాచనివ్వండి. రెండు చేతులకూ మార్చి మార్చి ఇవ్వండి. ఏడాదిలోపే ఎప్పుడూ ఒకే చెయ్యి వాడుతూ రెండోది పిడికిలి బిగించి ఉంచుతుంటే, "ఎడమచేతి వాటం" అని మురిసిపోకుండా డాక్టర్‌కి చూపించండి. ఆ వయసులో వాటం కనిపించకూడదు.

ఆరు నుంచి పది నెలల మధ్య బబబ, దదద, మమమ వస్తాయి. ఇవి అచ్చులు, హల్లులు కలిసిన శబ్దాలు కాబట్టి చాలా విలువైనవి. బబబ అంటే మీరూ బబబ అనండి, ఆగండి, తర్వాత కొత్తగా ఒకటి వేయండి: "మమమ". తొమ్మిది నెలలకు కూడా ఇలాంటి శబ్దాలు లేకపోతే ముందు చూడాల్సింది చెవులే. జలుబుతో కర్ణభేరి వెనక నీరు చేరినా మాట మసకబారి వినిపిస్తుంది.

దోబూచి ఆట దాదాపు ఆరు నెలలకు మొదలుపెట్టి, ఏడాది దాటినా ఆడొచ్చు. ఆటలో అసలు రహస్యం ముఖం కప్పుకున్నాక వచ్చే ఆ రెండు మూడు సెకన్లలో ఉంది. ఏదో రాబోతోందని బిడ్డ గుర్తుంచుకుంటుంది, ఎదురుచూస్తుంది. నెలలు నిండని పిల్లలకు బడి వయసులో కూడా బలహీనంగా ఉండేవి సరిగ్గా ఈ రెండే: మనసులో ఒక విషయాన్ని కాసేపు పట్టుకోవడం, దానిమీద దృష్టి నిలపడం. తర్వాత బొమ్మను గుడ్డ కింద దాచి వెతికించండి. ఎనిమిది, తొమ్మిది నెలలకు గుడ్డ లాగేస్తుంది.

పుస్తకాలు ఇప్పుడు గట్టి అట్టవి కావాలి. నోట్లో పెట్టుకున్నా ఫరవాలేదు. పేజీకి ఒక బొమ్మ, ఒక మాట. బిడ్డ దేన్ని చూస్తోందో దాని పేరే చెప్పండి, మీరు చూపించాలనుకున్నదాని పేరు కాదు. ఇది చిన్న తేడాలా అనిపిస్తుంది కానీ పెద్దది. తన దృష్టిని లాగి వేరేచోట పెట్టడానికే ఈ పిల్లలకు బోలెడంత శ్రమ అవుతుంది, మాటకు ఇక ఏమీ మిగలదు.

వాకర్ కొనకండి. దెబ్బలు తగలడం తప్ప నడక ముందుకు రాదు.

7. తొమ్మిది నుంచి పద్దెనిమిది నెలలు: వేలు ముందు, మాట తర్వాత

ఈ కాలంలో మాటల సంఖ్య కంటే సైగలను చూడండి. చేతులు చాచి ఎత్తుకోమనడం, టాటా చెప్పడం, చప్పట్లు, వద్దని తల తిప్పడం, అన్నిటికంటే ముఖ్యంగా వేలు పెట్టి చూపించడం. వేలు చూపడంలోనూ రెండున్నాయి. "అది కావాలి" అని చూపడం ఒకటి. "అదిగో చూడు" అని చూపించి మీ ముఖంలోకి చూడటం రెండోది. రెండోది వచ్చిందంటే, ఒక వస్తువు గురించి ఇంకో మనిషితో పంచుకోవచ్చని బిడ్డకు తెలిసిందన్నమాట. మాట దాని వెనకాలే వస్తుంది. 

దీన్ని రప్పించడానికి: ఇష్టమైన వస్తువును మూత బిగించిన పారదర్శకమైన డబ్బాలో పెట్టి ఇవ్వండి. తెరవలేక మీ వైపు చూస్తుంది. వెంటనే తెరవకండి. ఆగండి. డబ్బా మీ చేతికిచ్చినా, మీ చెయ్యి లాగినా, శబ్దం చేసినా, "తెరవాలా? తెరుద్దాం" అని తెరవండి. ఏడుపు దాకా లాగకండి, అడగడం నేర్పడమే ఉద్దేశం, ఏడిపించడం కాదు.

"తాత ఎక్కడ?" అంటే అటు చూస్తుందా, "ఇలా ఇవ్వు" అంటే చేతికి ఇస్తుందా అని సైగ చేయకుండా అడిగి చూడండి. చేయి చాచి ఇవ్వమంటే అందరూ ఇస్తారు, అప్పుడు అర్థమైంది మాటా, చెయ్యా తెలియదు. ఏడాది సుమారుకు మొదటి మాట వస్తుంది. తనకే సొంతమైన పలుకైనా, ప్రతిసారీ ఒకే వస్తువుకు అంటుంటే అది మాటే, లెక్కలో వేసుకోండి.

డబ్బాలో వేయడం, తీయడం, మూత పెట్టడం, ఒకదానిమీద ఒకటి పేర్చడం, అన్నీ ఈ వయసు చదువే. ఒకేసారి పది బొమ్మలు పరవకండి. రెండు చాలు, మిగతావి దాచేయండి.

8. పద్దెనిమిది నెలల నుంచి రెండేళ్ళు

బిడ్డ "నీళ్ళు" అంటే మీరు "నీళ్ళు కావాలా" అనండి. "బండి" అంటే "పెద్ద బండి", "బండి వెళ్ళింది". తన మాటకు ఒకటో రెండో జోడించి తిరిగివ్వడం, అంతే. తప్పుగా పలికితే దిద్దకండి, సరిగ్గా పలికి వినిపించండి. "ఇదేంటి, అదేంటి, చెప్పు చెప్పు" అని చుట్టాల ముందు పరీక్ష పెట్టడం వల్ల మాట రాదు, ఉన్నదీ దాక్కుంటుంది.

బొమ్మకు అన్నం తినిపించడం, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడినట్టు నటించడం ఈ వయసులో కనిపించాలి. ఉత్త గిన్నెలో అన్నం ఉందనుకోగలిగిన మనసే, ఎదురుగా లేని ఏనుగుకు "ఏనుగు" అన్న పేరు పెట్టగలుగుతుంది. రెండేళ్ళకు రెండు మాటలు కలిపి అనాలి: "అమ్మ రా", "పాలు వద్దు".

రెండు భాషలు మాట్లాడే ఇళ్ళలో ఒకటి మానేయమని సలహాలు వస్తాయి. వినకండి. రెండు భాషల వల్ల మాట ఆలస్యం కాదు. మీకు ఏ భాషలో జోకులు, కోపం, ముద్దు సహజంగా వస్తాయో ఆ భాషలోనే మాట్లాడండి. రెండు భాషల మాటలూ కలిపే లెక్కపెట్టండి.

స్క్రీన్ గురించి క్లుప్తంగా: రెండేళ్ళు నిండేదాకా అసలు వద్దని, రెండేళ్ళ వయసులో కూడా రోజుకు గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పాటలు వస్తున్నాయి, రంగులు గుర్తుపడుతోంది అంటారు. కానీ ఫోన్ బిడ్డ వంతు కోసం ఆగదు. దూరంలో ఉన్న నాన్నతో వీడియో కాల్ వేరు, అది మాట్లాడటమే. ఎవరూ చూడకుండా మోగుతూ ఉండే టీవీ కూడా కట్టేయండి. పెద్దవాళ్ళు బిడ్డతో మాట్లాడే మాటలను అది తగ్గించేస్తుంది.

9. అమ్మ సంగతి

ఎన్‌ఐసీయూ నుంచి వచ్చిన అమ్మల్లో దిగులు, భయం, నిద్రలేమి మామూలు కంటే ఎక్కువ. దిగులు ముదిరితే గొంతులో ఎత్తుపల్లాలు పోతాయి, ముఖం కదలదు, బిడ్డ ఉంగా అన్నా బదులు రాదు. ఇది అమ్మ తప్పు కాదు, జబ్బు, చికిత్స ఉన్న జబ్బు. రెండు వారాలకు మించి దిగులు తగ్గకపోతే డాక్టర్‌కి చెప్పాలి. ఈలోపు మాట్లాడే పని నాన్నదో, అమ్మమ్మదో, అక్కదో కావచ్చు. పై పనులన్నీ తానొక్కతే చేయాలని అమ్మ తలకెత్తుకోకూడదు, ఇంట్లోవాళ్ళు ఎత్తకూడదు.

10. ఎప్పుడు ఆగకూడదు

కిందివన్నీ సవరించిన వయసు ప్రకారమే. మూడు నెలలకు పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడకపోయినా, ముఖం చూసి నవ్వకపోయినా. తొమ్మిది నెలలకు బబబ లాంటి శబ్దాలు లేకపోయినా, పేరు పిలిస్తే తిరగకపోయినా. ఏడాదికి ఏ సైగా లేకపోయినా. పదహారు నెలలకు ఒక్క మాట లేకపోయినా. రెండేళ్ళకు రెండు మాటలు కలపకపోయినా. ఇక ఏ వయసులోనైనా, వచ్చిన మాటో సైగో పోతే అదే వారం డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ఇబ్బందేమీ లేకపోయినా, 28 వారాలకు ముందు పుట్టినవాళ్ళకు రెండేళ్ళ సుమారున భాష, తెలివి, కదలిక మూడింటినీ కొలిచే పూర్తి పరీక్ష చేయించండి. బేలీ అనే పరీక్ష ఎక్కువ వాడతారు. 18, 24 నెలలప్పుడు ఆటిజం ప్రశ్నావళి కూడా నింపుతారు. నెలలు నిండని పిల్లల్లో ఆ ప్రశ్నావళి ఆటిజం లేకపోయినా అనుమానం చూపించడం తరచు జరుగుతుంది, కాబట్టి ఆ ఒక్క కాగితం చూసి కుంగిపోకుండా తర్వాతి పరీక్షకు వెళ్ళండి.

ముందుగా మొదలుపెడితే లాభం ఉందా అంటే, ఉంది. అమెరికాలో 8 చోట్ల, తక్కువ బరువుతో నెలలు నిండకుండా పుట్టిన 985 మంది పిల్లలతో జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు 1990లో వచ్చాయి. మూడేళ్ళ దాకా ఇంటికి వచ్చి నేర్పినవాళ్ళు, ఏడాది దాటాక ప్రత్యేక కేంద్రంలో ఆటలు ఉన్న పిల్లలకు, మామూలు ఫాలోఅప్ మాత్రమే అందినవాళ్ళ కంటే మూడేళ్ళప్పుడు తెలివి మార్కులు బాగా ఎక్కువ వచ్చాయి. 2 కిలోలు దాటి పుట్టినవాళ్ళలో లాభం ఎక్కువ, అంతకంటే చిన్నవాళ్ళలో తక్కువ. తక్కువే కానీ, లేకపోలేదు.

మూడేళ్ళకు గలగలా మాట్లాడుతోంది కదా అని ఫాలోఅప్ మానేయొద్దు. ఈ పిల్లల్లో మాటల జాబితా చక్కగా ఉండి, పొడవైన వాక్యాలు, కథను వరసగా చెప్పడం, విన్నది అర్థం చేసుకోవడం బడికెళ్ళాక కష్టమవడం కనిపిస్తుంది. మూడు నుంచి పన్నెండేళ్ళ మధ్య ఈ తేడా తగ్గకపోగా పెరుగుతుందని, పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన 2012 నాటి పరిశీలన తేల్చింది. బడిలో చేర్చేటప్పుడు టీచర్‌కి బిడ్డ ఎన్ని వారాలకు పుట్టిందో చెప్పండి.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇవి తీసుకెళ్ళండి: డిశ్చార్జి కాగితం, వినికిడి పరీక్ష రిపోర్టు, బిడ్డ అర్థవంతంగా అనే మాటలన్నీ ఇంట్లో పలికే తీరులోనే రాసిన జాబితా, ఇంట్లో ఆడుకుంటున్నప్పుడు తీసిన రెండు నిమిషాల వీడియో. కొత్త గదిలో, కొత్త మనిషి ముందు చాలామంది పిల్లలు నోరు విప్పరు. వీడియో ఉంటే డాక్టర్‌కి మీ మాట నమ్మడమే కాదు, చూడటం కూడా కుదురుతుంది.